ఒకే చెవికి తెరుచుకున్న పన్నెండు

కొట్టులో తాళాలు తుడిచి నూనె వేస్తున్న చిన్నకోడలు రెండు తాళంచెవులను పొరపాటున తారుమారు చేసింది. అయినా రెండు తాళాలూ తెరుచుకున్నాయి.

"అక్కా, ఇలా రా. నాకు మతి పోయిందో, వీటికి పోయిందో తేల్చు."

పెద్దకోడలు వచ్చి చూసింది. పన్నెండు తాళాల పెట్టెలో మిగిలినవి అయిదు. ఏ చెవి పెట్టినా ఏ తాళమైనా మారుమాట లేకుండా తెరుచుకుంది. ప్రతి తాళాన్నీ దాని చెవితో మూడుసార్లు తీసి వేసి చూశాకే అమ్మడం ఆ కొట్టు పద్ధతి. దాని చెవితో చూడటమే తప్ప పక్కదాని చెవితో చూడాలని ఇద్దరిలో ఏ ఒక్కరికీ తట్టలేదు. అమ్ముడైన ఏడూ ఏడు చోట్లకు చేరిపోయాయి.

మామగారికి చేతులు వణకడం మొదలయ్యాక ఆయన కొట్టును తోడికోడళ్ళిద్దరూ నడపడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఆడవాళ్ళకు తాళాల సంగతేం తెలుసని గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినవాళ్ళను పెద్దకోడలు మరిచిపోలేదు. మరిచిపోవలసిన అవసరమూ ఆమెకు కనబడలేదు. జనం ఈమధ్యనే లోపలికి అడుగుపెడుతున్నారు. ఈ మాట బయటికి పొక్కితే ఆ అడుగులు ఆగిపోతాయి.

టోకు వ్యాపారికి ఫోన్ చేసింది.

"మీరు మరీనమ్మా! ఎవరి చెవి ఎవరు పెట్టి చూస్తారు? ఉన్న అయిదూ పంపండి, మార్చి ఇస్తాను. అమ్మినవాటి ఊసెత్తకండి."

"ఎవరూ పెట్టి చూడరన్న ధైర్యంతోనే అమ్ముతున్నారా? అలాగైతే తలుపులకి దారం కట్టుకోమని చెప్పకపోయారా, చవగ్గా పోయేది!" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఒకరి ఇంటి భద్రతను అమ్మి, అది ఉత్తుత్తిదేనని తెలిశాక కూడా నోరు మూసుకొమ్మని చెప్పేవాడు తనను వ్యాపారస్థుడనుకుంటాడు. ఆ పనికి వేరే పేరుందని ఆమెకు తెలుసు.

"బోర్డు రాసి పెడదామా?" అంది చిన్నకోడలు.

"దొంగలకి శుభలేఖ వేసినట్టుంటుంది. మనుషుల్ని వెతకాలి."

ఏ ఇంటికి ఏ తాళమో దొంగల చేతికి చిక్కకుండా, కొన్నవారి చిరునామాలు రాసుకోకూడదన్నది మామగారి నియమం. కనుక జ్ఞాపకమే దిక్కు. మందుల షాపాయన, ట్రంకుపెట్టె కోసం కొన్న పంతులమ్మ, ఎదురు వీధి మంగలి చిన్నకోడలికి గుర్తున్నారు. సాయంత్రం లోపు ముగ్గురి దగ్గరికీ వెళ్ళి, తప్పు తమదేనని చెప్పి, వేరే పెట్టెలోని తాళాలు ఉచితంగా ఇచ్చారు. మందుల షాపాయన ముఖం మాడ్చుకున్నాడు. పంతులమ్మ కొత్త తాళం తీసుకుని తలుపు వేసేసుకుంది.

మంగలి మాత్రం నవ్వాడు. "నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నాకు చెప్పారా అమ్మా?"

"చెప్పక తప్పదు గనక చెప్పాం. మా దగ్గర తాళం కొన్నామని ఎవరైనా అంటే కొట్టుకి ఒకసారి రమ్మనండి బాబాయ్. ఎందుకో మాత్రం చెప్పకండి."

అయిదు రోజులు ఆయన కత్తెర ఆడింది, నాలుక ఆడలేదు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవారిని కబుర్లలో పెట్టి, మరో ముగ్గురిని ఆరా తీసి కొట్టుకు పంపించాడు. ఒక్కరికీ కారణం చెప్పలేదు. ఆ మనిషి ఋణం ఎలా తీర్చుకోవాలో పెద్దకోడలికి ఇప్పటికీ తెలియదు.

ఆరో రోజున గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దావిడ తాళాన్ని చేతిరుమాలులో చుట్టుకుని వచ్చింది.

"తాళం కొన్నవాళ్ళని రమ్మన్నారట. మందుల షాపులో చెప్పారు. ఏమిటి కథ?"

పెద్దకోడలు ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే నా ఇల్లు ఎన్నాళ్ళు తెరిచి ఉన్నట్టు?"

"అమ్మకాల పుస్తకం ప్రకారం ఇరవై మూడు రోజులండి."

"చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదండి."

"ఆ ఆరుగురూ ఏమన్నారు?"

"ఇద్దరు తిట్టారు. తిట్టనివాళ్ళు ఇంకా భయపెట్టారు," అంది చిన్నకోడలు.

పెద్దావిడ నవ్వలేదు. కొత్త తాళం ఎంచుకుని, దాని చెవిని పట్టుకుని కూర్చుంది. "కొట్టులో ఉన్న తాళాలన్నీ బల్ల మీద పెట్టండి."

నలభై ఒక్క తాళాలు. ఒక్కొక్కదానిలో తన తాళంచెవి పెట్టి తిప్పింది. ఏదీ తెరుచుకోలేదు. గంట పట్టింది. పెద్దకోడలు పక్కనే నిలబడి, ఒక్కొక్క తాళమూ అందించింది. చిన్నకోడలు రెండుసార్లు మంచినీళ్ళు ఇచ్చింది. పెద్దావిడ రెండుసార్లూ తాగింది.

ఆ పని ముగిశాక రెండో తాళంచెవిని రింగు నుంచి విడదీసి బల్ల మీద పెట్టింది.

"ఎల్లుండి మా చెల్లెలికి ఆపరేషన్. పది రోజులు ఊళ్ళో ఉండను. మొక్కలకి నీళ్ళు పోయడానికి పక్కింటావిడ వస్తుంది. ఆవిడ దగ్గర ఉంచితే ఎక్కడో పారేస్తుంది. రోజూ మీ దగ్గర తీసుకుని, మళ్ళీ మీకే ఇస్తుంది."

పెద్దకోడలు బల్ల మీది తాళంచెవి వంక చూసింది. ఎనిమిది నెలలుగా ఈ బల్ల మీద నుంచి వస్తువులు పట్టుకెళ్ళినవాళ్ళే తప్ప, తమది ఒకటి వదిలి వెళ్ళినవారు లేరు.

"చీటీ రాసివ్వమంటారా అండీ?" అని మెల్లగా అడిగింది.

"నీ నోటితో నువ్వే ఇంత చెప్పాక ఇంకా చీటీ దేనికి? పక్కింటావిడకి చెవుడు, గట్టిగా మాట్లాడాలి. అది గుర్తుపెట్టుకో."

పెద్దకోడలు తాళంచెవిని రెండు చేతులతో అందుకుంది. పెద్దావిడ వీధి దాటి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. చెప్పవలసిన కృతజ్ఞత చెప్పనేలేదు. వెనక్కి పిలిచి చెబితే ఆవిడ కసురుతుందని తెలుసు.