టిగ్ బొరియలో దూరిన శనివారం

బడి వంటింట్లో నూట ఇరవై మంది పిల్లలకు వండి ఇంటికొచ్చేసరికి బ్రెండా కాళ్లు రాళ్లలా బిగుసుకుపోయేవి. ఇంట్లో ఉన్నది, రాతి గనిలో నడుము విరగ్గొట్టుకుని సోఫాకే అతుక్కుపోయిన మొగుడు లెస్, పదేళ్ల కూతురు కేరెన్. కుక్క కావాలని కూతురు ఏడాదిగా ప్రాణం తీస్తోంది.

ఆ సంగతి కొండ మీది గొర్రెల రైతు విల్ఫ్ చెవిన పడింది. డెబ్బై దాటిన మనిషి, తుంటి అరిగిపోయి మంద అమ్మేశాడు. ఇక కింద ఊళ్లో ముసలివాళ్లకిచ్చే గదిలో ఉండాలి. అక్కడ కుక్కల్ని రానివ్వరు. ఆయనకు మిగిలింది టిగ్ ఒక్కటే. తల్లి టెర్రియర్ జాతి వేటకుక్క, తండ్రి ఎవరో దేవుడికెరుక. మూరెడు కూడా లేని ఎత్తు, కొబ్బరి పీచులాంటి బొచ్చు. పాకలో ఎలుకల్నీ గుట్టల్లో నక్కల్నీ తరిమి బతికిన కుక్క.

"పది రోజులు ఉంచుకుని చూడమ్మాయ్. కుదరకపోతే తెచ్చెయ్," అన్నాడు విల్ఫ్. బ్రెండా సరేనంది. ఎవరడిగినా ఆమె సరేననే అనేది.

టిగ్ మొదటిరోజే ఉల్లిమడి తవ్వేసింది. కేరెన్ కట్టిన రిబ్బన్ను పీలికలు చేసింది. ఒళ్లో కూర్చోబెడితే జారిపోయి, వీధి తలుపుకేసి చూస్తూ కూర్చునేది.

"దానికి ఇల్లంటే జైలే. నాకు మల్లే," అన్నాడు లెస్.

"నువ్వే నయం, ఉల్లిమడి తవ్వలేదు," అంది బ్రెండా, దాని పాదాల మట్టి తుడుస్తూ.

తొమ్మిదో రోజు శనివారం. తల్లీకూతుళ్లు దాన్ని గుట్ట మీదికి తీసుకెళ్లారు. రాతిగోడ కింద ఏదో వాసన తగిలింది. టిగ్ ఒక్క గుంజు గుంజి, తాడు తెంపుకుని బొరియలో దూరింది. నేల అడుగు నుంచి మొరుగుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. బ్రెండా పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుని, ఏడుస్తున్న కేరెన్‌ను విల్ఫ్ కోసం పంపింది.

ఆయన కుంటుకుంటూ వచ్చి, నేలకు చెవి ఆనించాడు. "ఉంది. దేన్నో మూలకు నెట్టింది. తవ్వితే మట్టి దాని మీదే కూలుతుంది. కూర్చుందాం."

"ఎంతసేపు?"

"ఒకసారి రెండు రోజులు కూర్చున్నా. నన్ను కూడా అదే బొరియలో కప్పెడతానంది మా ఆవిడ."

బ్రెండా నవ్వలేకపోయింది. ఇంటి దగ్గర లెస్‌కు తిండి పెట్టాలి, తీగమీది బట్టలు తియ్యాలి. విల్ఫ్ ఫ్లాస్కు తీసి టీ పోశాడు. అది తాగి బ్రెండా గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే నిద్రపోయింది.

"అమ్మా, వచ్చేసింది!" కేరెన్ కేకకు మెలకువ వచ్చింది. ఎండ వాలిపోయింది. టిగ్ చెవి చిరిగి, కళ్లనిండా మట్టితో నిలబడి, ఒళ్లంతా ఊగేలా తోక ఆడిస్తోంది. ఈ తొమ్మిది రోజుల్లో దాన్ని అంత సంతోషంగా బ్రెండా చూడలేదు.

"విల్ఫ్, నేను దీన్ని ఉంచుకోలేను."

ఆయన చేతిగుడ్డతో దాని కళ్లు తుడుస్తున్నాడు. "చెడ్డ కుక్కా?"

"బంగారంలాంటి కుక్క. కానీ దీని కోసం ఇలా కూర్చునే మనిషి కావాలి. నాలో అంత ఓపిక మిగల్లేదు."

"ఇంకో రోజుందిగా అమ్మా!" అని అరిచింది కేరెన్. బ్రెండా తల అడ్డంగా ఊపింది.

విల్ఫ్ చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేలే అమ్మాయ్. మీకు బాగా అలవాటయ్యాక చెప్పేకంటే ఇవాళే చెప్పడం నయం," అని కుక్కను చంకనెత్తుకున్నాడు.

పక్క లోయలో ఎలుకలతో వేగలేకపోతున్న పిండిమర యజమానురాలు ఆడ్రీ దాన్ని తీసుకుంది. కేరెన్ రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడో రోజు, "చూసొద్దామా?" అంది.

తర్వాతి శనివారం బస్సెక్కి వెళ్లారు. టిగ్ బస్తాల మధ్య నుంచి తల బయటపెట్టి, వాళ్లను చూసి రెండుసార్లు తోకాడించి, మళ్లీ లోపలికి దూరిపోయింది.

"మనల్ని గుర్తుపట్టలేదు," అంది కేరెన్.

"పట్టిందే. పనిలో ఉంది."

తిరుగు బస్సులో కేరెన్ తల్లి భుజం మీద వాలిపోయింది. బ్రెండా కళ్లూ మూతపడ్డాయి. దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు మైళ్లు వెనక్కి నడిచారు.