అరిగితే ఓనరుది

పైన మూడో అంతస్తులో ఇనుప కడ్డీ రెయిలింగు మీద మోగినప్పుడు, ఎవంథియా కాఫీ గిన్నెలో నురగ ఎప్పుడు పైకొస్తుందా అని చూస్తోంది. తల తిప్పిన క్షణంలోనే నురగ పొంగి పొయ్యి మీద పడింది. మోత మాత్రం ఆగలేదు.

ఆమె పొయ్యి కట్టేసింది, తుడవలేదు. పటకారు, కుళాయికి వేసే రబ్బరు వాషర్లు ఉన్న సంచీ తలుపు పక్కనే వేలాడుతుంటుంది. దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కింది.

గ్రీకు నగరం సలోనికా ఎగువ వీధుల్లోని ఆ భవనంలో ఆమె ఉండేది అట్టడుగున, సగం నేలలోకి దిగిన ఇంట్లో. అక్కడ అద్దెకుంటోంది. ఆ ఇంటికున్న ఒక్క కిటికీ కాలిబాటతో సమానంగా ఉంటుంది. అందులోంచి వచ్చే పోయే వాళ్ళ కాళ్ళు కనపడతాయి. పోస్టుమ్యాన్‌ను అరిగిన మడమతో, ఎదురింటి దంపతుల పోట్లాటను నడక వేగంతో పోల్చుకోగలదు. పనిచేసేదేమో బట్టలు సరిచేసే దుకాణంలో. అక్కడ రోజంతా ప్యాంట్ల అంచులు మడిచి కుడుతుంది. ఇంట్లో చీలమండలే, పనిలోనూ చీలమండలే. యాభై ఏడేళ్ళొచ్చినా మోకాలికి పైన లోకం ఎలా నడుస్తోందో ఆమెకు పెద్దగా పరిచయం లేదు.

అలాంటి మనిషి కిందటేడు ఇంటి ఓనరైంది. బాప్తిస్మం నాడు ఆమెకు పేరు పెట్టిన జ్ఞానమాత, నోనా కలిరోయి, పిల్లలు లేని మనిషి, పోతూ పోతూ మూడో అంతస్తులోని ఇల్లు ఆమె పేర రాసింది. ఎండ పడే ఇల్లు. బాల్కనీలోంచి సముద్రం కూడా కనపడుతుందని నోనా చెప్పేది. ఇంటితోపాటు అందులో అద్దెకున్న మెల్పోగారు, అక్కడి మాటలో కీరియా మెల్పో, కూడా సంక్రమించింది.

ఎవంథియాకు అద్దెకుండటంలో జీవితమంత అనుభవముంది. ఓనరుగా మాత్రం కొత్త. అందుకే ఏ తగువొచ్చినా పొరపాటున అద్దెకున్నవాళ్ళ పక్షానే మాట్లాడేది.

"వచ్చావా ఓనరమ్మా? వినపడలేదేమో అనుకున్నా."

"వీధి మొత్తానికి వినపడింది, కీరియా మెల్పో."

"వీధి నా ఓనరు కాదుగా."

మెల్పో ఎనభై దాటిన మనిషి. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైంది. పిలవడం, పిలిచినవాళ్ళు పలికేదాకా వదలకపోవడం ఆమెకు వృత్తిలో అబ్బిన గుణం. బాల్కనీలోని ఆకుపచ్చ చారల ఎండతెరను దించడానికీ చుట్టడానికీ తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీ ఆమె చేతిలోనే ఉంది. తిప్పే బలం ఆ చేతులకిప్పుడు లేదు, రెయిలింగును వాయించే బలం మాత్రం ఉంది. ఉత్తరం నుంచి విసురుగా వీచే వర్దారి గాలి మొదలైతే చాలు, తెర చుట్టమని మోత. ఎండెక్కితే దించమని మోత.

ఈ ఉదయం వంటింటి కుళాయి వంతు. ఎవంథియా వాషరు మార్చింది. మారుస్తూ మనసులో వాక్యాన్ని ఇంకోసారి సరిచూసుకుంది. "కీరియా మెల్పో, ఈ ఇల్లు నాకే కావాలి." ఎక్కడా ముడి లేని వాక్యం. ఒప్పందం గడువు ఇవాళ్టితో సరి. ఇవాళ చెప్పాలి.

చేతులు తుడుచుకుని ఇటు తిరిగేసరికి మెల్పో గాజు పళ్ళెంలో నారింజ తొక్క పాకం, చెంచా, పక్కన చల్లటి నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది. ఆ ఇంటికి ఎవరొచ్చినా ఈ మర్యాద తప్పదు. వద్దంటే అవమానం. ఎవంథియా నోట్లో పెట్టుకుంది. నోటినిండా తీపి పెట్టుకుని, పెట్టిన మనిషిని ఇల్లు ఖాళీ చెయ్యమని ఎలా అనడం? ఏడాదిగా ప్రతి మరమ్మతూ ఈ చెంచా దగ్గరే ముగుస్తోంది.

"కాసేపు కూర్చో. ఇది చూడు," అంటూ మెల్పో లోపల్నుంచి తెల్లగుడ్డలో చుట్టిన ముదురు నీలం గౌను తెచ్చింది. "నా చివరి ప్రయాణం బట్టలు. కుట్టించినప్పుడు సరిపోయాయి. ఇప్పుడు నేనే కురచైపోయా. అంచు మడిచి కుట్టాలి."

"ఎంతవరకు?"

"బూట్లు కనపడాలి. లారిసా ఊళ్ళో ఉండే మా మేనల్లుడు కొనిపెట్టాడు. మూసేస్తే వాడు బాధపడతాడు."

మెల్పో గౌను తొడుక్కుని బాల్కనీ వెలుతురులో నిలబడింది. ఎవంథియా మోకాళ్ళ మీద కూర్చుని గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంది. పళ్ళెం పోయింది, సూదులొచ్చాయి.

"నోట్లో సూదులున్నంతసేపు నువ్వు చాలా మంచి ఓనరువే," అంది మెల్పో పైనుంచి.

ముసలామె చీలమండలు రెండూ ఉబ్బి ఉన్నాయి. చెప్పుల పట్టీ చర్మంలోకి దిగిపోయింది. కొలిచేటప్పుడు ఎవంథియా వేలు తగిలిన చోట పడిన గుంట, వేలు తీసినా పూడలేదు. ఎవంథియా దాన్ని చూసింది. అంచు ఇంకో వేలెడు కిందికి వదిలితే వాపు కనపడదనుకుంది. ఆ ప్రకారం సూదులు గుచ్చింది.

"ఏదో చెప్పాలని వచ్చావు," అంది మెల్పో గౌను విప్పి ఇస్తూ. "సాయంత్రం చెబుదువుగాని. అంచు బాగా కుదిరితే వింటా."

"సాయంత్రానికేనా? అంత తొందరేంటి?"

"తొందర నాకా, నీకా?"

ఎవంథియా ఎండతెర దించి, కడ్డీని గోడవారన ఆనించి, గౌను చేతి మీద వేసుకుని పనికి వెళ్ళింది.

దుకాణం యజమానురాలు థెక్లా ఇస్త్రీ ఆవిరి మధ్యలోంచే అడిగింది. "చెప్పావా?"

"నోట్లో సూదులున్నాయి."

"మొన్న?"

"నారింజ తొక్క."

"ఇవాళ కూడా చెప్పకపోతే ఇక అంతే. నోరు మూసుకున్నావంటే ఒప్పందం దానంతటదే సాగుతుందని లాయరు చెప్పలేదూ? నీ మౌనమే నీ సంతకం. ఆ గోతిలో కూర్చుని చచ్చేదాకా జనాల మేజోళ్ళు చూస్తూ ఉండు మరి."

"సాయంత్రం చెబుతా. గౌను ఇచ్చేటప్పుడు."

"ఎవరిదా గౌను?"

ఎవంథియా చెప్పింది. థెక్లా ఇస్త్రీపెట్టె నిలబెట్టి శిలువ గుర్తు వేసుకుంది, తర్వాత నవ్వాపుకోలేకపోయింది. "ఖాళీ చేయించడానికి వెళ్ళి పైప్రయాణానికి బట్టలు కొలుచుకొచ్చావా! నీలాంటి ఓనరు ఊరికొకరుంటే కోర్టులు మూసుకోవాలి."

ఆస్తి చేతికొచ్చిన రోజున ఇంటి ధర్మం నేర్పింది కూడా థెక్లానే. అరిగితే ఓనరుది, విరగ్గొడితే అద్దెకున్నవాళ్ళది. వినడానికి తేలిగ్గానే ఉంది. కానీ ఏడాదంతా ఆ ఇంట్లో ఒక్కటీ విరగలేదు. కుళాయి అరిగింది. తలుపు గడియ అరిగింది. నీళ్ళ కాగు అరిగింది. ఎండతెర అంచు గాలికి రాపిడై పీచులు లేచింది. మెల్పో ఏ వస్తువునూ విరగ్గొట్టనంత జాగ్రత్తగా వాడేది.

ఎవంథియా ఆ గౌను అంచును చేత్తోనే కుట్టింది. మిషను కుట్టు కనపడుతుంది.

మధ్యాహ్నం దాటాక వర్దారి లేచింది. దుకాణం తలుపు రెండుసార్లు దానంతటదే కొట్టుకుంది. "నీ తెర," అంది థెక్లా. ఎవంథియా అప్పటికే కోటు వేసుకుంటోంది.

వీధి మలుపు నుంచే కనపడింది. ఎండతెర కడుపునిండా గాలి పోసుకుని ఉబ్బి, తనను పట్టి ఉంచిన ఇనుప చేతులు విరిగేలా లాగుతోంది. ఆమె చెవులు రిక్కించింది. గాలి మోత తప్ప ఇనుప మోత లేదు.

ఆమె పైకి వెళ్ళలేదు. ముందు తన ఇంట్లోకి దిగి, గౌను కుర్చీ మీద పరిచి, పొద్దున పొంగిన కాఫీని పొయ్యి మీద నుంచి గీకింది. పిలుపు వస్తే వెళ్దామనుకుంది. ఈ ఏడాదిలో పిలవకుండా వెళ్ళిన రోజు లేదు. వాక్యం మరోసారి అనుకుంది. కిటికీ బయట కాళ్ళు గాలికి ఎదురొడ్డి వంగి నడుస్తున్నాయి. పైన గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. ఇంకా ఎవరూ వాయించలేదు.

అప్పుడు లేచింది. పైన గంట నొక్కింది, ఆగి మళ్ళీ నొక్కింది. ఓనరు తాళంచెవి ఉంది కదా అని చెప్పకుండా లోపలికి పోకూడదన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా తాళం తీసింది.

మెల్పో బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు స్టూలు మీద చాపి, కొత్త బూట్లు వేసుకుని ఉంది. లేసులు కట్టలేదు, పాదాల వాపుకు అవి కట్టుకోవు. కడ్డీ ఎండతెర కొక్కేనికి తగిలించి ఉంది. పిలవకుండా తనే తిప్పుదామనుకుని ఒకటి రెండు చుట్లు తిప్పి, ఊపిరి తీసుకుందామని కూర్చున్నట్టుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

వంటింటి బల్ల మీద గాజు పళ్ళెం, అందులో నారింజ తొక్క, చెంచా, నీళ్ళు. నీళ్ళ మీద మూత కూడా పెట్టింది.

ఎవంథియా నోట్లో ఏమీ లేదు. వాక్యం సిద్ధంగానే ఉంది. ఒప్పందం గడువుకు ఒక్క పూట కూడా ఎక్కువ ఉండలేదు మెల్పో.

విరగలేదు ఆమె, అరిగింది. కాబట్టి అన్ని పనులూ ఓనరు మీదే పడ్డాయి. డాక్టరును పిలిచింది. లారిసాకు ఫోను చేసింది. గాలి తెరను చింపేయకముందే బలమంతా పెట్టి కడ్డీ తిప్పింది. తెర పైకి చుట్టుకుంటుంటే, ఏడాదిగా కడ్డీ, కొక్కెం తప్ప మరేదీ చూడని ఆమెకు రెండు ఇళ్ళ కప్పుల మధ్య అరచేతి వెడల్పున సముద్రం కనపడింది. నోనా అబద్ధం చెప్పలేదు. ఎవంథియా దాన్నోసారి చూసి, కిందికి వంగి తన కిటికీ కోసం వెతికింది. ఇంత ఎత్తు నుంచి కిటికీ ఊచలు మాత్రమే కనపడుతున్నాయి. పోయేవాళ్ళకు కాళ్ళు లేవు, పాపిళ్ళున్నాయి.

పక్కింటావిడ వచ్చాక, కింద నుంచి గౌను తెచ్చి ఇద్దరూ కలిసి తొడిగారు. బూట్ల కొనలు కనపడ్డాయి, వాపు కనపడలేదు.

"ఎంత చక్కగా కుదిరింది! ఎవరు కుట్టారు?" అంది పక్కింటావిడ.

ఎవంథియా అంచు సర్దుతూ ఉండిపోయింది. తన చేతిపనికి సిగ్గుపడటం ఆమెకు అదే మొదలు.

మేనల్లుడు వచ్చాడు. సామాను వ్యానులో వెళ్ళిపోయింది. గోడలకు సున్నం కూడా అయింది. థెక్లా రోజూ అడుగుతూనే ఉంది.

"ఇంకా ఆ గోతిలోనే ఉన్నావా? ఇప్పుడెవరే ఆపింది నిన్ను?"

"ఆపడం కాదు," అంది ఎవంథియా ప్యాంటు అంచు తిరగేస్తూ. "ఎవరూ పిలవలేదు."

ఇప్పుడామె కాఫీ ఎప్పుడూ పొంగదు. నురగ అంచుదాకా రాగానే దించి, కప్పు చేత్తో పట్టుకుని, కిటికీలోంచి కాళ్ళు చూస్తూ చెవులు మాత్రం పైకి పెట్టి కూర్చుంటుంది. మూడో అంతస్తులో, చుట్టేసిన ఎండతెర కొక్కేనికి, ఎవరూ తియ్యని ఇనుప కడ్డీ వర్దారి గాలికి మెల్లగా ఊగుతోంది. రెయిలింగు దాకా వస్తుంది, తగలకుండా వెనక్కి పోతుంది.