మూడో పాదంలో పై స్వరం

మా గనిలో పలకరాయి చీల్చే ఇద్వల్ కట్టిన కీర్తన రాగాన్ని ఆ ఆదివారం మధ్యాహ్నం మా ప్రార్థన మందిరం చాపెల్లో పాడి చూడాలి. లోయలోని సంఘాలన్నీ వచ్చాయి. జనం నోట నిలిస్తే ఉత్తర వేల్స్ పాటల పండుగ పుస్తకంలో అచ్చువేస్తారు. తడబడితే పక్కన పెడతారు. మళ్ళీ అడగడం ఉండదు.

ఇద్వల్ మంద్రం పాడేవాళ్ళ బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లో రాతిపొడి ఎంత కడిగినా పోలేదు.

"మూడో పాదం ఎక్కడానికి నిచ్చెన తెచ్చుకోవాలట్రా, ఇద్వల్?" అంది వెనక బల్ల నుంచి మోర్విద్ పిన్ని.

"నీ గొంతుకి అక్కర్లేదులే పిన్నీ," అన్నాడు గానీ నవ్వలేదు.

ఆ పాదంలోనే రాగం పైకెక్కి ఒక స్వరం మీద ఆగుతుంది. చలికాలమంతా ఆడా మగా కలిపి నాలుగు రకాల గొంతులకూ వేర్వేరు వరసలు కట్టాడు, చెరిపాడు, మళ్ళీ కట్టాడు. ఆ స్వరాన్ని మాత్రం కదపలేదు.

మాకు వాయిద్యం లేదు. పాట ఎత్తేది గ్రిఫిత్ పెద్దాయన. శ్రుతి చూసుకునే ఉక్కు కడ్డీ ఆయన ముట్టడు. గొంతులోంచే తీస్తాడు. ఆయన ఎత్తాక ఆపడమంటే అందరి ముందూ చెంపమీద కొట్టినట్టే.

లోపలికి వచ్చేముందు ఇద్వల్ అడిగాడు. "మామా, కాస్త కిందగా ఎత్తు."

"నాకే చెబుతున్నావా," అని వెళ్ళిపోయాడు ఆయన.

ఎత్తాడు. బాగా పైన ఎత్తాడు. మొదటి పాదంలోనే నాకు తెలిసిపోయింది. పక్కన ఇద్వల్ భుజం బిగిసింది.

మూడో పాదం వచ్చింది. ఆడవాళ్ళ గొంతులు చీలాయి. పై వరస పాడే మగవాళ్ళు సగంలో నోళ్ళు మూసుకున్నారు. పండుగకు పాటలు ఎంచడానికి వచ్చి ముందు కూర్చున్న పెద్దల్లో ఒకాయన కాగితం మడిచేశాడు.

"లేచి ఆపమని చెప్పు," అన్నాను ఇద్వల్ చెవిలో.

వాడు గ్రిఫిత్ మెడకేసి చూశాడు. నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. ఆయనకూ తెలిసిపోయింది. దిగే దారి లేదు.

రెండో చరణంలో ఇద్వల్ తన మంద్రపు వరస వదిలి అసలు రాగమే అందుకున్నాడు. వాడు అంత గట్టిగా పాడగా నేనెప్పుడూ వినలేదు. మూడో పాదంలో, ఎక్కాల్సిన చోట, ఎక్కకుండా కిందికి తిప్పాడు. నేనూ తిప్పాను. మా బల్లంతా తిప్పింది. మూడో చరణానికి చాపెలంతా ఆ దారినే వెళ్ళింది. చివరి రెండు పాదాలు వదల్లేక జనం మళ్ళీ మళ్ళీ పాడారు. పెద్దలు తలలూపారు.

బయట గోడ దగ్గరికి గ్రిఫిత్ వచ్చి నిలబడ్డాడు.

"పైన ఎత్తాను."

"అవును మామా."

"ఆపొచ్చుగా."

"ఆపితే నువ్వు ఇంకెప్పుడూ ఎత్తవు."

ఆయన టోపీ అంచు నలుపుతూ, "పై స్వరంతోనే అచ్చువేయమని చెబుతాను. తప్పు నాదేనని చెబుతాను," అన్నాడు.

ఇద్వల్ తలుపుకేసి తిరిగాడు. లోపల ఆడవాళ్ళు టీ కప్పులు సర్దుతూ ఆ రాగమే కూనిరాగం తీస్తున్నారు, కిందికి తిప్పి.

"వద్దులే," అన్నాడు. "వాళ్ళకి వచ్చేసింది."

నా దగ్గర పెన్సిలు తీసుకుని, రాగం రాసుకున్న కాగితం గోడకానించి, ఆ స్వరం కొట్టేశాడు. అది మారాక మిగతా మూడు గొంతులూ అక్కడ పొసగవు. అక్కడే నిలబడి అవి సరిచేసుకుంటూ ఉండిపోయాడు.