పవర్ లేని అద్దాలు

తమ్ముడికి ఎక్కడ కూర్చున్నా కళ్ళజోడు తుడుచుకోవడం అలవాటు. తుడుస్తూ తుడుస్తూ దాని కథ చెప్పడం అంతకన్నా గట్టి అలవాటు. ఆ రోజు నరాల డాక్టరు గది బయట, చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ముసలాయనకు కూడా చెప్పేశాడు.

"అంతా మా అక్క చేతి చలవండీ. రెండేళ్ళ కిందట ఈ కుడికన్ను మసకేసిపోయింది. అక్క ఈ జోడు పెట్టింది. నెల తిరక్కుండా మామూలైపోయింది!"

ముసలాయన అక్క వంక మెచ్చుకోలుగా చూశాడు. అక్క తన చెప్పుల వంక చూసుకుంది. ఆ కథ విన్నప్పుడల్లా ఆమెకు ఎక్కడైనా దాక్కోవాలనిపించేది. ఎందుకంటే ఆ జోడులో ఉన్నవి ఉత్త అద్దాలు.

ఇద్దరిదీ కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలో అక్క కళ్ళు పరీక్ష చేస్తుంది. వెనక గదిలో తమ్ముడు అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తాడు. "అద్దాలు అరిగేది నా చేతిలో, మనుషులు అరిగేది మా అక్క నోట్లో" అని వచ్చినవాళ్ళందరితో అనేవాడు. అక్క నోరు అలాంటిదే మరి. ఆ నోరు ఒకే ఒక్కసారి మూతపడింది. అది కూడా తెరవాల్సిన సమయంలో.

అక్కకు చిన్న వయసులోనే ఎం.ఎస్. వచ్చింది. అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారితప్పి నరాల మీది పొరను పాడుచేసే జబ్బు. మొదట ఒక కన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి పుట్టింది, ఎర్రరంగు వెలిసిపోయినట్టు కనిపించింది. తర్వాత అదే తగ్గింది. మందులు వాడుతూ వచ్చింది. వేడిలో కాలు కాస్త ఈడుస్తుంది తప్ప, ఈనాటికీ దుకాణమంతా ఆమె గొంతే వినిపిస్తుంది. "ఇది ఎక్కువగా ఆడవాళ్ళకొచ్చే జబ్బమ్మా" అని అప్పటి డాక్టరు అన్న మాట ఆమె మనసులో నాటుకుపోయింది. పోనీలే, వస్తే నాకొచ్చింది, తమ్ముడు బతికిపోయాడు అనుకుంది.

అలాంటిది, తమ్ముడు కన్ను మసకగా ఉందంటూ పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అద్దం తర్వాత అద్దం మార్చింది. దేనికీ అక్షరం తేటపడలేదు. అద్దాలు తుడిచే మందు సీసాకు ఎర్రటి మూత ఉంటుంది. దాన్ని చూపించి, ఒక్కో కన్నూ మూసి చూడమంది.

"ఎడమకంటికి ఎర్రగానే ఉందక్కా. కుడికంటికి మాత్రం నా పాత చొక్కాలాగా వెలిసిపోయి ఉంది. కన్ను తిప్పితే నొప్పి కూడా."

అవన్నీ ఒకప్పుడు అక్క కంటికి వచ్చినవే. ఇంతకన్నా స్పష్టంగా ఎవరైనా ఏం చెప్తారు? అయినా, మగపిల్లాడికి అదెందుకు వస్తుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ జబ్బు పేరు ఎత్తితే ఎక్కడ నిజమైపోతుందోనని భయపడింది. "కొంచెం సైటొచ్చిందిలే. నీకు కన్ను బాలేదుగా, ఈ జోడు నేనే బిగిస్తా" అని ఉత్త అద్దాలు బిగించి ఇచ్చింది. రేపు డాక్టరుకు చూపిద్దాం అనుకుంది, ఆ రేపు ఎల్లుండి అయింది. ఈలోగా కన్ను దానంతటదే తేరుకుంది. తనకూ మొదట్లో అలాగే తగ్గిందని ఆమె మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఊపిరి పీల్చుకుంది.

నిరుడు అతని కాలు మొద్దుబారింది. కొన్ని నెలల్లోనే చేతికర్ర వచ్చింది. ఇప్పుడు స్కానులో ఎం.ఎస్. అని తేలింది.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ తెర మీద స్కాను చూస్తూ, "కాలు కన్నా ముందు ఇంకేమైనా తేడా కనిపించిందా?" అని అడిగింది.

"ఏమీ లేదండీ" అన్నాడు తమ్ముడు. అతని లెక్కలో కంటికి వచ్చింది సైటేనని అక్క అనుకుంది. "నాదో ప్రశ్నండీ. ఇద్దరం ఒకే అమ్మ కడుపున పుట్టాం. జబ్బూ ఒకటే. ఆవిడేమో పరిగెడుతుంది, నేనేమో కర్ర పట్టుకున్నాను. పంపకాల్లో నాకేమైనా అన్యాయం జరిగిందా?"

డాక్టరమ్మ నవ్వింది. "ఈ జబ్బు ఎక్కువమంది ఆడవాళ్ళకే వస్తుంది. మగవాళ్ళకు తక్కువగా వస్తుంది కానీ, వస్తే చాలామందిలో తొందరగా ముదురుతుంది. రావడానికి దోహదం చేసే జన్యువులు వేరు, ముదరడం మీద ప్రభావం చూపేవి వేరు అని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మీ ఇద్దరి రక్తం పరిశోధనకిస్తే మంచిదే. కానీ మీకిప్పుడు పనికొచ్చేది మందు. మొదలైంది నిరుడే అయితే మామూలు మందుతో చూద్దాం. అంతకుముందే ఒకసారి వచ్చిపోయుంటే మాత్రం ఆగడానికి లేదు, గట్టి మందే పెట్టాలి."

వస్తే తొందరగా ముదురుతుంది. ఆ మిగతా సగం మాట అక్కకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. సగం మాట పట్టుకుని తమ్ముడి కాలు మీదికి తెచ్చింది. చెప్తే వాడు మళ్ళీ తన మొహం చూస్తాడా? చెప్పకపోతే మామూలు మందుతో ఇంటికెళ్తారు.

"ముందు కంటికొచ్చిందండీ" అంది. "రెండేళ్ళ కిందట. ఏ అద్దానికీ చూపు అందలేదు, ఎరుపు వెలిసిపోయింది. నాకప్పుడే అర్థమైంది. ఆ జోడులో పవర్ లేదు. నేనే దాచాను."

డాక్టరమ్మ ఆ సంగతి చీటీలో రాసుకుంది. తర్వాత, "అయితే గట్టి మందే మొదలుపెడదాం" అంది. తమ్ముడు కర్ర ఊతంగా లేచాడు.

బయటికొచ్చి అదే బల్ల మీద కూర్చున్నారు. ముసలాయన వెళ్ళిపోయాడు. తమ్ముడు కళ్ళజోడు తీశాడు, కానీ తుడవలేదు. చెయ్యి చాచి, అద్దంలోంచి ఎదుటి తలుపు అంచును చూస్తూ, జోడును అటూ ఇటూ జరిపాడు. పవర్ ఉంటే అంచు కూడా జరిగినట్టు కనిపిస్తుంది. దుకాణంలో ఏ జోడు చేతికొచ్చినా అతను ముందు చేసే పని అదే. ఆ సంగతి అక్కకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

"నువ్విచ్చిన రోజే చూశానక్కా. ఉత్త అద్దాలే."

"మరి ఊరంతా నా చేతి చలవని చాటావేంట్రా?" అంది అక్క.

"కన్ను బాగైందిగా. అద్దం వల్ల కాకపోతే నీ చెయ్యి వల్లే అనుకున్నా."

"నన్నెందుకు అడగలేదు?"

"ఏమడగను? పవర్ పెట్టలేదంటే కంటికేమీ లేదన్నమాటేగా. నేనే ఊరికే గోల చేస్తుంటే నా నోరు మూయించడానికి పెట్టావనుకున్నా." జోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నిజంగా ఏదైనా ఉంటే అక్క ఊరుకుంటుందా అనుకున్నా."

ఆ మాటలో కోపం లేదు. కోపమైతే ఆమె తట్టుకునేదే. ఏడిస్తే వాడే ఓదారుస్తాడని తెలిసి, పళ్ళు బిగబట్టుకుని చేతికర్ర అందించింది.