సగం మందు సూది

పశువుల డాక్టరు ఆవు మెడకు సూది వేసినన్నాళ్ళూ తోక పట్టుకునే మనిషి అక్కర్లేకపోయింది. ఇప్పుడాయన కొత్త పద్ధతి నేర్చుకొచ్చి తెగ మురిసిపోతున్నాడు. తోక కింద పలచటి చర్మంలో వేస్తే సగం మందుతోనే ఆవు ఎదకొస్తుందట. ఆ రోజు కొట్టంలో పనిచేసే మనిషి రాలేదు.

"ఒక్క క్షణం తోక పట్టుకోవే, నీకు పుణ్యముంటుంది" అన్నాడు భార్యతో.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవును ఎదకు తెచ్చే ఆ మందే కడుపుతో ఉన్న ఆడవాళ్ళ ఒంటి మీద పడితే కడుపు పోయే ప్రమాదముందని డబ్బా మీదే రాసి ఉంది. ఆమెకిప్పుడు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు పోయింది. ఈసారి ఐదో నెల వచ్చేదాకా మొగుడికి కూడా చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. ఒట్టా అది, పిచ్చి కాకపోతే! నోరు విప్పి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పకుండా, వీలైనంత దూరం నుంచి చెయ్యి చాచి తోక పట్టుకుంది.

ఆవు అసలే గయ్యాళిది. సూది తగలగానే ఎగిరి తన్నింది. సిరంజి పగిలి, మందంతా ఆమె మణికట్టు మీదుగా కారింది.

"అయ్యయ్యో, మందంతా నేలపాలు!" అని డాక్టరు లబలబలాడాడు.

ఆమె అప్పటికే కుళాయి దగ్గరుంది. సబ్బు రుద్దుతోంది, కడుగుతోంది, మళ్ళీ రుద్దుతోంది.

"ఏమే, అదేమన్నా పాము విషమా? కడుపుతో ఉన్నవాళ్ళకి కదా..." అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఒక్క ఉదుటున వచ్చి చెయ్యి లాక్కున్నాడు. సూది గీసుకుందేమోనని అంగుళం అంగుళం వెతికాడు. గీత లేదు. ఆ చేతిని ధార కిందే పట్టుకుని కాన్పుల డాక్టరమ్మకు ఫోను చేశాడు.

"వెంటనే తీసుకురమ్మంటున్నారు. ఎన్నో నెలని అడుగుతున్నారు."

"మూడు."

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు పాపం.

"పోయినసారి నాకంటే మీరే ఎక్కువ ఏడ్చారు. అందుకే."

స్కానింగులో బిడ్డ గుండె గబగబా కొట్టుకుంటూ కనిపించింది. ఇప్పటికి బాగానే ఉందనీ, రెండు రోజులు కనిపెట్టి చూడాలనీ చెప్పింది డాక్టరమ్మ. బయటికి రాగానే ఆయన ఆసుపత్రి మెట్ల మీదే చతికిలబడ్డాడు.

"లేవండి, ఇంటికెళ్దాం" అంది ఆమె. "ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే భయపడ్డాను. ఈ రెండు రోజులూ ఇద్దరం కలిసి భయపడదాం."