ఊఁ అన్న నానమ్మ

వినోదమ్మకు రెండేళ్లుగా చెవులు సరిగ్గా వినబడటం లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం, అందాజుగా సగం అర్థం చేసుకునేది. మిగతా దానికంతా ఒకటే జవాబు, "ఊఁ." ఆ ఒక్క ముక్కతో పెండ్లిళ్లు దాటించింది, పరామర్శలు దాటించింది, దూరాన ఉద్యోగం చేసే కొడుకు ఉదయ్ ఫోన్లు దాటించింది. అదే ముక్క మొన్న మంగళవారం మనవరాలి ప్రాణం మీదికి తెచ్చింది.

మనవరాలు చిట్టికి నాలుగేళ్లు. కోడలు లావణ్య హన్మకొండలో ఆఫీసుకు పోతే, మధ్యాహ్నం అంగన్‌వాడీ నుంచి వచ్చిన పిల్లను సాయంత్రం దాకా చూసుకునేది వినోదమ్మే. ఆ రోజు గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వెనక నుంచి చిట్టి ఏదో అడిగింది. ఏమడిగిందో ఏమో, అలవాటు కొద్దీ "ఊఁ" అంది. కాసేపటికి తిరిగి చూస్తే పిల్ల లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. మట్టెవాడ మెయిన్ రోడ్డుకి అవతల, ఐస్‌క్రీమ్ బండి పక్కన, కిరాణా కొట్టు వెంకట్రాజం చిట్టి రెక్క గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందక్కా ఇది? జరుంటే లారీ కింద పడుతుండె పోరి!" అని కేకలేశాడు.

"నానమ్మనే పొమ్మన్నది," అంది చిట్టి. "రోడ్డు దాటి పోనా అంటే ఊఁ అన్నది."

వినోదమ్మ రోడ్డు పక్కనే కూలబడి పిల్లను పట్టుకుని ఏడ్చింది. ఇంట్లో చెప్పొద్దని వెంకట్రాజానికి దండం పెట్టింది. లావణ్యకు తెలిస్తే పిల్లను ఏ డేకేర్‌లోనో వేస్తుంది, చిట్టి లేని పగలు తను ఎట్లా గడపాలి? చెప్తే పిల్ల దూరమవుతుంది, చెప్పకుంటే మళ్లీ లారీ. ఆ రెండు భయాల మధ్య ఆమెకు ముద్ద దిగలేదు.

గురువారం పొద్దున చిట్టిని అంగన్‌వాడీలో దింపి, సుబేదారిలో చెవి మిషన్లు ఇచ్చే చోటికి ఆటోలో పోయింది. అక్కడ చెవులు పరీక్షించే అమ్మాయి పేరు రమ. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే వినోదమ్మ చెప్పేసింది: "చెవి లోపల దాగే చిన్న మిషన్ ఉంటదట గద బిడ్డా, అదియ్యి. ఎవ్వలకు కండ్లవడొద్దు."

రమ హెడ్‌ఫోన్ పెట్టి పరీక్ష చేసింది. తర్వాత తన నోటికి కాగితం అడ్డం పెట్టుకుని కొన్ని మాటలంది. సాలు, తాలు, కాలు. వినోదమ్మకు మూడూ "ఆలు" అనే వినబడ్డాయి. కాగితం వెనక నుంచే రమ ఇంకేదో అడిగింది.

"ఊఁ," అంది వినోదమ్మ.

రమ కాగితం తీసింది. "మీ ఇల్లు అంటుకున్నదా అని అడిగిన, అమ్మా."

నవ్వాల్సిన మాటే. వినోదమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఈ రెండేళ్లలో ఇంకా వేటివేటికి ఊఁ అందో!

"మీకు మోత ఇనవడ్తాంది, మాటల్ల సన్నటి చప్పుళ్లు ఇనవడ్తలేవు," అంది రమ. "డిజిటల్ మిషన్ అన్నిటినీ ఒక్క తీరుగ పెంచది. మీకు తక్కువ ఇనవడే చప్పుళ్లేందో చూసి వాటినే ఎక్కువ పెంచుతది. పెద్ద మోతలను అదుపుల పెడ్తది. లోపల దాగే దానికి మీ చెవికి కావాల్సినంత బలం లేదమ్మా. దాని బ్యాటరీ గూడ మస్తు చిన్నది, చూడుండ్రి."

కందిగింజంత బ్యాటరీ అది. వినోదమ్మ వేళ్లలో నిలవలేదు. కింద పడి ఎటు పోయిందో దొరకనే లేదు.

"చెవి ఎనుక పెట్టుకునేది మీకు మంచిది. ఛార్జింగ్ పెడితే అయిపాయె. కాకపోతే జర కనిపిస్తది."

"చిన్నదైతే, పిల్ల ఎనుక నుంచి పిలిస్తే ఇనవడదా?"

"మీకు ఇనవడుతదని చెప్పలేనమ్మా."

"అయితే ఆ ఎనుక పెట్టేదే ఇయ్యి," అంది వినోదమ్మ. రెండు చెవులకూ ఒక జత ఇచ్చి, నాలుగు రోజులు వాడి చూడమంది రమ. వాటిమీద జుట్టు కప్పి, ఆపైన కొంగు కప్పి, అంగన్‌వాడీ నుంచి చిట్టిని తీసుకుని ఇల్లు చేరింది.

ఇల్లంతా కొత్త చప్పుళ్లు. ఫ్యాను గీపెడుతోంది, గిన్నె కింద పెడితే పిడుగు పడ్డట్టుంది. ఇవి పెట్టుకుని బతకడం నావల్ల అవుతుందా అని వంటింట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. అప్పుడు అవతలి గదిలోంచి చిట్టి గొంతు వచ్చింది. బొమ్మతో మాట్లాడుతోంది.

"నానమ్మకు ఎనుక నుంచి చెప్తే ఇనవడది. ముందటికి పోయి చెప్పాలె. అమ్మకు చెప్పకు, సరేనా? చెప్తే నానమ్మ మళ్లీ ఏడుస్తది."

వినోదమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. తన భయాన్ని నాలుగేళ్ల పిల్ల మోస్తోంది. ఇన్నాళ్లకు చెవుల్లో స్పష్టంగా పడిన మాట ఇది.

సాయంత్రం లావణ్య వచ్చేసరికి వినోదమ్మ తల దువ్వుకుని, చెవులు కనబడేట్టు బిగించి ముడి వేసుకుంది. మంగళవారం సంగతి దాచకుండా చెప్పింది. లావణ్య చిట్టిని ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

వినోదమ్మ నల్లా దగ్గర గిన్నెలు తోముతూ కూర్చుంది. లోపలి నుంచి ఒక్క మాటా రావడం లేదు. చాలాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. తిరగడానికి ధైర్యం చాలలేదు.

"అత్తమ్మా, రేపు చిట్టిని మీ దగ్గర్నే ఇడిచిపోనా?" లావణ్య గొంతు పెంచలేదు.

"ఊఁ," అంది వినోదమ్మ.

"ఊఁ అంటే సాలదు. నేనేమడిగిన్నో చెప్పుండ్రి." లావణ్య అక్కడే నిలబడింది.

సాలదు. ఆ 'సా' విడిగా వినబడింది. వినోదమ్మ నల్లా కట్టేసింది.

"చిట్టిని నా దగ్గర్నే ఇడిచిపోనా అన్నవ్, బిడ్డా," అంది వెనక్కి తిరగకుండానే.