ఖాజాగూడ ఇచ్చిన నేక్‌చలన్

వీరేశం జైలు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. లాఠీ దెబ్బకు విరిగిన కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. కాలేజీ ఆఫీసు వరండాలో నిలబడి ఆ చేత్తో సలాం చెయ్యలేదని మున్షీకి ముందే ఒళ్లు మండింది.

"నీ హాజరీ తక్కువున్నది. ఇమ్తెహాన్‌ల కూసోనియ్యం. నీకు పరీక్ష లేదు," అన్నాడు మున్షీ తలెత్తకుండా.

"జైల్ల ఉన్న మున్షీ సాబ్. జైలుకెల్లి క్లాసుకు ఎట్ల రావాలె?"

"జైలుకు పొమ్మని కాలేజీ చెప్పిందా?"

వీరేశం జవాబు చెప్పేలోపే ప్రతాపరావు వచ్చాడు. మున్షీ కుర్చీలోంచి లేచాడు. ప్రతాపరావు కూడా ఆ ఏడాదంతా క్లాసు మొహం చూసినవాడు కాదు. రజాకార్లు ఊళ్ల మీద పడి తగలబెడుతున్న రోజుల్లో తండ్రి అతన్ని పూనాకు పంపించాడు. అక్కడ గుర్రప్పందేలు చూసి, నాటకాలు చూసి, పుష్టిగా తిని వచ్చాడు. వస్తూ వస్తూ ఒక డాక్టరు చేత టైఫాయిడు అని రాయించుకొచ్చాడు.

"పాపం, బాగ చిక్కిపోయినవు దొరా," అన్నాడు మున్షీ. షేర్వానీ గుండీలు తెగేట్టు ఉన్న ఆ పొట్ట మీద నుంచి చూపును మర్యాదగా పక్కకు తిప్పుకున్నాడు కూడా.

ప్రతాపరావు గైరుహాజరు మాఫ్ అయింది. వీరేశం పేరు మీద ఎర్రగీత పడింది.

వరసలో వెనక నిలబడి ఇదంతా చూశాడు ఐలయ్య. అతనిది ఖాజాగూడ. బండలు పగలగొట్టి బతికే ఇల్లు. పట్నంలోని కార్వాన్‌లో మేనత్త ఇంట్లో ఉండి, పొద్దున ఆవిడ కొట్టు ఊడ్చి, పగలు బడికి పోయి ఇంతదాకా వచ్చాడు. వాళ్ల వాడకట్టులో ఇంటర్ మొహం చూసినవాడు ఇంకొకడు లేడు. నిజాం మీద పోరాటం వచ్చినప్పుడు అతనూ అందరితోపాటు క్లాసు విడిచి ఊరికి పోయాడు. వడిసెల పట్టుకుని గుట్టల మీద కాపలా కాశాడు.

ఇప్పుడు యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం ఏలుబడి పోయింది. ప్రిన్సిపాల్ నల్లటోపీ తీసి తెల్లటోపీ పెట్టుకున్నాడు. టోపీ కిందిది మాత్రం మారలేదు. కొత్త ఖాయిదా ఒకటి గోడకు అతికించారు. పోరాటం పేరుతో క్లాసులు విడిచినవాళ్లు ఇకమీదట ఏ సభకూ పోమని, చేసినదానికి సిగ్గుపడుతున్నామని ముచ్చల్కా రాసి సంతకం పెట్టాలి. ఊరి పోలీసు పటేలు దగ్గర నుంచి నేక్‌చలన్, అంటే నడత మంచిదనే కాగితం, తేవాలి. తేనివాళ్లకు పరీక్ష లేదు.

ఖాజాగూడ పోలీసు పటేలు జగపతిరావు. ప్రతాపరావు తండ్రి. రజాకార్లను తన హవేలీలో పెట్టి మేపినవాడు. ఎవరి గుడిసె అంటించాలో వేలెత్తి చూపినవాడు. అంటించినవాడు, అంటుకున్న గుడిసెలో పుట్టినవాడి నడత మంచిదని రాసివ్వాలట. కాలేజీ పెద్దలకు ఇందులో నవ్వొచ్చే సంగతి ఏదీ కనబడలేదు.

ఐలయ్య పోయాడు. చదువు మీద ఆశ అట్లాంటిది.

జగపతిరావు కొత్త ఖద్దరు కట్టుకుని ఆరాంకుర్చీలో పడుకుని ఉన్నాడు. ఖద్దరుకు ఇంకా గంజి వాసన పోలేదు.

"ఏందిరా ఐలిగా, చదువు మల్ల యాదికొచ్చిందా?"

"నేక్‌చలన్ కావాలె పటేలా."

"నీది నేకేనారా? వడిసెలతోని ఎవల మీద రాళ్లిసిరినవో నాకెర్క లేదా?"

"రజాకార్ల మీద."

"వాళ్లు అప్పటి సర్కారోళ్లు. సర్కారు మీద ఒక్కపారి రాయి ఇసిరినోడు ఏ సర్కారు మీదనైనా ఇసుర్తడు." పటేలు పక్కకు ఉమ్మి, మీసం తుడుచుకున్నాడు. "పోనీ తియ్యి, పిల్లగానివి. మాదాపూర్‌ల కొత్త బంగ్లా కడుతున్న. మీ వాడకట్టోళ్లంత వచ్చి రాయి కొట్టి పెట్టాలె. బంగ్లా లేచేదాక. నువ్వు గీ వాకిట్ల పది మంది ముంగట తప్పైందని మొక్కాలె. అప్పుడు రాస్త."

"వెట్టి బంద్ అని డప్పు కొట్టి చెప్పిండ్రు కద పటేలా."

"డప్పు కొట్టిచ్చింది నేనే కదరా," అన్నాడు జగపతిరావు. ఆ మాటకు అతనికే నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం బండల దగ్గర పని దించి కూర్చున్నవాళ్లకు ఐలయ్య సంగతంతా చెప్పాడు. తల్లి పోచమ్మ చెవులు రిక్కించి విని, సుత్తె పక్కన పెట్టింది.

"నేను పోత బిడ్డ. నా రెక్కలు ఎన్ని రాళ్లు కొట్టలే? గా బంగ్లాకు కొడితే ఏం పోయింది? నీ చదువు ఆగొద్దు."

ఆ మాట విన్న క్షణం ఐలయ్యకు గుండెల మీద బరువు దిగినట్టయింది. మరుక్షణం ఆ బరువు ఎవరి రెక్కల మీదికి పోయిందో తెలిసి తల వంచుకున్నాడు.

"నువ్వొక్కదానివి పోతె అయితదా?" అన్నాడు మేనమామ బాలనర్సయ్య. "వాడు వాడకట్టంత రమ్మన్నడు. ఇయ్యాల ఐలయ్య కాగితం కోసం పోతం. రేపు ఇంకొకని పట్టా కోసం రమ్మంటడు. వెట్టి పోయిందనుకుంటిమి. బడి దర్వాజకెల్లి మల్ల లోపలికొస్తున్నది."

"అట్లని పిల్లగాని బతుకు ఆగం చేస్తమా?" అని మండిపడింది పోచమ్మ. "నీకేంది, నీ కొడుకు చదువుతలేడు."

"నా కొడుకును సదవనిచ్చిన దొర యాడున్నడు అక్కా?"

మాటా మాటా పెరిగింది. కొందరు పోదామన్నారు, కొందరు వద్దన్నారు. ఒక ముసలాయన, దొరతో పెట్టుకుంటే చెరువు నీళ్లు కూడా ముట్టనివ్వడన్నాడు. అంతసేపూ మాట్లాడనిది నీలమ్మ ఒక్కతే. ఆమె మొగుడు రామన్నను రజాకార్లు ఆ బండల మధ్యనే నిలబెట్టి కాల్చారు.

"ఐలయ్యా," అంది నీలమ్మ, "గా కాగితంల ఏమని రాయాలంటరు?"

"ఊర్లె మోతబరు మనిషి నా నడత ఎర్కున్నదని, మంచిదని చెప్పాలె అత్తా."

"నీ నడత వానికేం ఎర్క? నువ్వు ఎన్నడన్న వానితోని ఉన్నవా? మాతోని ఉన్నవు. మేం చెప్తం."

"మన మాట ఎవడింటడే?" అన్నాడు బాలనర్సయ్య.

"ఇనకుంటే, ఇననోళ్ల నడత గూడ అక్కడ్నే చెప్పొద్దాం."

ఎవరో నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే కాలేజీకి వస్తామన్నారు. పోచమ్మ కొడుకు వంక చూసింది. "నాకు మాట్లాడరాదు. కాని వస్త," అంది చివరికి.

ఐలయ్య పట్నం పోయి వీరేశంతో చెప్పాడు. హాస్టలు భోజనాల గదిలో విద్యార్థులు కూడారు. అక్కడా వాదులాటే. సగం మంది అప్పటికే ముచ్చల్కా మీద సంతకాలు పెట్టి ఉన్నారు. వాళ్లు గోడ వైపు కూర్చున్నారు.

"ముందు పరీక్ష పాసైదాం. లడాయి తర్వాత చేద్దాం," అన్నాడు పట్వారీ కొడుకొకడు. "చదువుకున్నంక మాట చెల్లుబాటైతది."

"సిగ్గుపడుతున్న అని రాసిచ్చి పాసైనోని మాట ఎవనికి చెల్లుబాటైతది?" అన్నాడు వీరేశం. "మీరంత దేనికి సిగ్గుపడుతున్నరో జర చెప్పుండ్రి. రజాకార్లకు ఎదురు నిలవడ్డందుకా? గాళ్లకు అన్నం పెట్టిన పటేలు సిగ్గుపడతలేడు. గాళ్లకు సలాం కొట్టిన ప్రిన్సిపాల్ సిగ్గుపడతలేడు. దేశంల సిగ్గుపడేటి పని మనకొక్కలకే వచ్చిందా?"

"ప్రతాపరావుకు ఒక ఖాయిదా, మనకొకటి," అన్నాడు ఐలయ్య. సభలో మాట్లాడటం అతనికి అదే మొదటిసారి. "మా ఊరోళ్లు బండలు ఇడిసి పెట్టి వస్తున్నరు. వాళ్లకు చదువు రాదు. నాకు భయమైతున్నది. వాళ్లొచ్చి నిలవడ్డప్పుడు మనం కిటికీలల్లకెల్లి చూసుకుంట ఉంటమేమోనని."

అంతే అని కూర్చున్నాడు. పట్వారీ కొడుకు లేచి, "నా ముచ్చల్కా నేను వాపస్ తీసుకుంట," అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు గోడ వదిలి ముందుకు వచ్చారు. అందరికీ ఒకటే ఖాయిదా అయ్యేదాకా ఎవరూ పరీక్ష రాయకూడదని ఆ గదిలో తీర్మానమైంది.

కాగితాలు ఇవ్వాల్సిన ఆఖరు రోజున ఖాజాగూడ కదిలింది. గోల్కొండ మీదుగా నడిచి వచ్చారు. ఆడవాళ్ల చేతుల్లో గంపలు, మగవాళ్ల భుజాల మీద సుత్తెలు. కాళ్లనిండా తెల్లటి రాతిపొడి. దారిలో మాదాపూర్ వాళ్లు కొందరు కలిశారు. గేటు దగ్గర చప్రాసీ అడ్డం నిలబడి, ఆ సుత్తెలు చూసి, నిలబడటంలో తనకంత పట్టుదల లేదని తేల్చుకున్నాడు.

ఆ రోజు కాలేజీ కమిటీ సమావేశం. జగపతిరావు కమిటీ మెంబరు. లోపల ప్రిన్సిపాల్‌తో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. చప్పుడుకు ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

"ఏంది గీ గడ్‌బడ్? గిది విద్యాలయం, అంగడి కాదు," అన్నాడు ప్రిన్సిపాల్.

"నేక్‌చలన్ ఇయ్యనీకె వచ్చినం సాబ్," అన్నాడు బాలనర్సయ్య. "ఊరోళ్లు ఇయ్యాలంట కద."

"మోతబర్లు ఇయ్యాలె."

"మేం మోసిన బరువు గీన మోసిండా?" అని పటేలును చూపించాడు బాలనర్సయ్య. విద్యార్థుల్లో నవ్వు లేచింది. ఈసారి వాళ్లు కిటికీల వెనక లేరు. మెట్ల మీద, వాకిట్లో, వచ్చినవాళ్ల మధ్యనే ఉన్నారు.

నీలమ్మ ముందుకు వచ్చింది.

"నాకు రాసుడు రాదు సాబ్. చెప్త, రాసుకో. నా పెనిమిటిని కాల్చి బండల మీద పడేసిండ్రు. భయానికి పీనుగ దగ్గరికి ఎవ్వలు రాలె. గీ ఐలయ్య వచ్చి భుజం మీదేసుకొని చెరువుగట్టు దాక మోసిండు. మట్టి ఇచ్చిండు. గిది నేకా, కాదా?"

ప్రిన్సిపాల్ చాయ్ కప్పు పక్కన పెట్టి, కాగితాల కట్ట పట్టుకుని నిలబడ్డ మున్షీ వైపు తిరిగాడు.

"ఇగ పటేలు నడత గూడ రాసుకో. మా ఇండ్లు చూపెట్టిన వేలు గదే. ఉంగరమున్నది చూడు."

జగపతిరావు చెయ్యి తనకు తెలియకుండానే కండువా కిందికి పోయింది. వాకిలంతా అది చూసింది. దొర చెయ్యి దాచుకోవడం పోచమ్మ పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడలేదు. మాట్లాడరాదన్న మనిషి నోరు తెరిచింది.

"నేను వీని తల్లిని. నీ బంగ్లాకు రాయి కొడతనన్న మొన్న. ఇప్పుడు చెప్తున్న, కొట్ట."

"ఖాయిదా ఖాయిదానే," అన్నాడు ప్రిన్సిపాల్. గొంతులో బలం తగ్గేకొద్దీ అతని నోట ఖాయిదాలు ఎక్కువవుతాయి. "చదువు రానోళ్ల మాట మీద కాలేజీ నడవది."

"మావి వాపస్ ఇయ్యుండ్రి," అంటూ పట్వారీ కొడుకు మెట్లెక్కాడు. "మేం రాసిన ముచ్చల్కాలు. మేం సిగ్గుపడతలేం." వెనక నుంచి అదే మాట వరసగా లేచింది. మున్షీ ఆ కాగితాలన్నీ పొట్టకు ఒత్తుకుని ఆఫీసులోకి పరుగెత్తి గడియ పెట్టుకున్నాడు.

పోలీసులు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నిన్నటిదాకా నిజాం బిళ్ల పెట్టుకుని కొట్టినవాళ్లే, బిళ్ల మార్చుకుని వచ్చారు. కొట్టడంలో తేడా రాలేదు. బాలనర్సయ్య తల పగిలింది. సుత్తె భుజం మీద ఉండగానే పగిలింది. అతను దాన్ని ఎత్తలేదు. ఐలయ్యను, నీలమ్మను లారీలోకి ఎక్కించారు. పోచమ్మ లారీ వెనక గేటు పట్టుకుని కొంతదూరం పరుగెత్తింది. ఏడవలేదు. "సంతకం పెట్టకు కొడుకా," అని మాత్రం అరిచింది.

ఠాణాలో ఒక గది ఐలయ్యకు, ఇంకో నలుగురు విద్యార్థులకు. పక్కగది నీలమ్మకు. ఇన్‌స్పెక్టరు ముచ్చల్కా తెచ్చి కటకటాల్లోంచి చాపాడు.

"చదువుకునే పిల్లగానివి. సంతకం పెట్టి ఇంటికి పో. రేపు పరీక్ష రాసుకో."

ఐలయ్య దాన్ని అందుకోలేదు. భయం పోయిందని కాదు. దానితోపాటు తల్లి అరిచిన మాట కూడా వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దెక్కాక వీరేశాన్ని, ఇంకా కొందరిని తెచ్చి అదే గదిలోకి నెట్టారు. వీరేశం పెదవి చిట్లింది. నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమైంది? ఇమ్తెహాన్ అయిందా?" అని అడిగాడు ఐలయ్య.

"అయింది. హాల్ల ప్రతాపరావు ఒక్కడే. సుట్టు ముట్టు పంతుళ్లు. ప్రశ్నల కాగితం చేతిలకు తీసుకున్నడు, ముందలికి చూసిండు, ఎనకకు చూసిండు. చూసి రాస్తందుకు ఒక్కడు లేడు. తెల్ల కాగితం ఇచ్చి లేచిపోయిండు. మేమంత గేటు కాడ్నే ఉన్నం. చప్రాసీ వచ్చి చెప్పి పోయిండు."

గదంతా నవ్వింది. గోడ అవతల నీలమ్మ ఏమైందని కేకేసింది. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"ఊర్లె?" అన్నాడు ఐలయ్య.

"మీ మామ తలకు కట్టు కట్టుకొని బండల కాడ కూసున్నడు. ఒక్క సుత్తె లేస్తలేదు. మాదాపూరోళ్లు గూడ బంద్ పెట్టిండ్రు. పటేలు బంగ్లా పునాదుల్లనే ఉన్నది. బెదిరియ్యబోతె, మీ అమ్మ ఎదురుంగ పోయి నిలవడ్డదంట."

మధ్యాహ్నానికి కాలేజీ గేటు నుంచి ఇంకో లారీ నిండా తెచ్చారు. ఈసారి విద్యార్థులు తక్కువ, రాళ్లు కొట్టేవాళ్లు ఎక్కువ. గదిలో కూర్చోవడానికి కూడా లేక నిలబడ్డారు. హఫీజ్‌పేట నుంచి కూడా రాళ్లు కొట్టేవాళ్లు రైలెక్కి కాలేజీకి బయలుదేరారని కబురు వచ్చింది. జమేదారు ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"జాగ లేదు సాబ్. ఇంగో లారీ వస్తున్నదంట."

"ఇంత మందిని యాడ పెట్టాలె?" అని ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు.

"ఇంగో జైలు కట్టుండ్రి సాబ్," అన్నాడు ఐలయ్య కటకటాల్లోంచి. "కాని, రాయి కొట్టేటోళ్లంత ఈడనే ఉన్నరు."

బయట లారీ ఆగింది. లోపలివాళ్లు ఒకరినొకరు ఒత్తుకుని, గోడకు జరిగి, వచ్చేవాళ్లకు చోటు చేశారు.